మనవాళ్లకి అమ్మేటప్పుడు: నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో నిజాయితీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పన్నెండేళ్లుగా తెనాలిలో ఇంటింటికీ తిరిగి అమ్ముతున్నాను. బట్టలుతికే లిక్విడ్, గిన్నెల సబ్బు, క్రీములు, ప్రోటీన్ పొడి. ఇది నెట్‌వర్క్ పని: మనం అమ్మినదానికే కాక, మన కింద చేరినవాళ్లు అమ్మినదానికీ మనకి కమీషన్ వస్తుంది. అలా నా టీమ్‌లో ఇప్పుడు ముప్పై మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది ఆడవాళ్లే. మీటింగ్ అయిపోయాక మెట్ల దగ్గర ఆపి అడిగేవీ, రాత్రి పదింటికి ఫోన్ చేసి అడిగేవీ దాదాపు ఇవే ప్రశ్నలు. ఒకచోట రాసి పెడితే అందరికీ ఉపయోగపడుతుందని రాశాను. ప్రశ్నల్ని వాళ్లు అడిగిన మాటల్లోనే ఉంచాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## చేరక ముందు

నెట్‌వర్క్ అంటేనే మోసం అంటారు కదా. ఇందులో నిజాయితీగా బతకొచ్చా అసలు?

బతకొచ్చు. కానీ జనం ఊరికే అనుమానపడటం లేదని ముందు ఒప్పుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లో గొలుసుకట్టు స్కీముల్లో పొలం అమ్మిన డబ్బు, పిల్ల పెళ్లికి దాచిన డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. మనుషుల్ని చేర్పించి ఆ డబ్బునే పంచే స్కీముల్ని 1978 చట్టం నిషేధించింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే అనే నెట్‌వర్క్ కంపెనీ పథకం కూడా ఆ చట్టం కిందికే వస్తుందని చెప్పింది. ఆ తర్వాత కేంద్రం 2016లో మార్గదర్శకాలు, 2021 డిసెంబరు 28న డైరెక్ట్ సెల్లింగ్ (కొట్టు లేకుండా నేరుగా మనుషులకి అమ్మే పద్ధతి) నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం సరుకు అమ్మి కమీషన్ తీసుకోవచ్చు. మనిషిని చేర్పించినందుకు డబ్బు తీసుకోకూడదు. మీ సంపాదన ఆ గీతకి ఇవతల ఉంటే ఈ పనిలో తలెత్తుకుని తిరగొచ్చు.

కంపెనీ మంచిదో, గొలుసుకట్టు స్కీమో ఎలా తెలుస్తుంది?

చేరమన్న మనిషిని ఒక్క మాట అడగండి. "ఈ నెల కొత్తగా ఒక్కరు కూడా చేరకపోతే నాకు డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది?" సరుకు వాడే ఇళ్ల నుంచి అని చెప్పి, ఆ ఇళ్లు చూపించగలిగితే మాట్లాడుకోవచ్చు. "అలా ఎందుకు జరుగుతుంది, చేరతారులే" అంటే లేచి వచ్చెయ్యండి.

తర్వాత ఒక చిన్న లెక్క వేసుకోండి. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్పించాలన్నారనుకుందాం. ఆరు ముప్పై ఆరవుతుంది, ముప్పై ఆరు 216 అవుతుంది. పదో మెట్టుకి వచ్చేసరికి 6 కోట్ల 4 లక్షల మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తం జనాభా, చంటిపిల్లలతో కలిపి, 8 కోట్ల 46 లక్షలు. పదకొండో మెట్టుకి 36 కోట్ల మంది కావాలి. అంత మంది ఎక్కడి నుంచి వస్తారు? అందుకే చేరికల మీద నడిచే స్కీములో చివర్లో చేరినవాళ్ల డబ్బు పోయి తీరుతుంది. ఆ చివర ఉండేది మీ వీధివాళ్లే కావచ్చు.

కాగితాలు కూడా చూడండి. చేరడానికి ఫీజు ఉండకూడదు. రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. చేరాక మనసు మారితే వెనక్కి తగ్గడానికి కొంత గడువు ఉండాలి. అమ్ముడుపోని మంచి సరుకుని కంపెనీ తిరిగి తీసుకోవాలి. ఈ నాలుగూ 2016 మార్గదర్శకాల్లోనే ఉన్నాయి.

సంఘం లోన్ వస్తోంది. ఆ డబ్బుతో స్టార్టర్ కిట్ తీసుకోనా?

వద్దమ్మా. డ్వాక్రా అప్పుకి పదిమంది పూచీ ఉంటుంది. మీ సరుకు అమ్ముడు కాకపోతే కిస్తీ రోజున సంఘంలో తలదించుకోవాల్సింది మీరు, ఇబ్బంది పడాల్సింది మిగతా తొమ్మిది మంది. పైగా అప్పు నెత్తిన పెట్టుకుని అమ్మేవాళ్లు ఎదుటి మనిషి అవసరం చూడలేరు, కిస్తీ తేదీ ఒక్కటే కనిపిస్తుంది. ఒకటి రెండు సరుకులు మీ ఇంటికోసం కొని, వాడి చూసి, నచ్చితే అప్పుడు పక్కింటికి చెప్పండి.

నాకు మాటలు రావు, మొహమాటం ఎక్కువ. నేను పనికొస్తానా?

మా టీమ్‌లో అందరికంటే ఎక్కువ కాలం కస్టమర్లు నిలిచింది బాగా మాట్లాడే వాళ్లకి కాదు, వినేవాళ్లకి.

చిన్నప్పుడు మా వీధికి గాజుల సెట్టి వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని ముందు చెయ్యి చూసేవాడు. ఏ సైజు పడుతుందో, ఎముక లావా సన్నమా, అంట్లు తోమే చెయ్యా, ఆ చూపులోనే పోల్చుకునేవాడు. వేసేటప్పుడు గాజు చిట్లితే ఆ నష్టం ఆయనదే, మన దగ్గర తీసుకునేవాడు కాదు. ఎక్కువ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మా అమ్మ ఆయన దగ్గర తప్ప ఇంకొకరి దగ్గర గాజులు వేయించుకోలేదు.

## మొదటి నెలలు, మనవాళ్ల దగ్గర

అప్‌లైన్ (మనల్ని చేర్పించిన పైవాళ్లు) వంద పేర్లు రాసివ్వమన్నారు. అందరికీ ఫోన్ చెయ్యాలా?

పేర్లు రాసుకోండి, కానీ ఆ లిస్టు ఎవరికీ ఇవ్వకండి. మిమ్మల్ని నమ్మి నంబర్ ఇచ్చినవాళ్ల వివరాలు ఇంకొకరి చేతిలో పెట్టడానికి మీకు హక్కు లేదు. రాశాక ఒక్కో పేరు పక్కన "ఈ మనిషికి దీంట్లో ఏది ఉపయోగం?" అని రాయండి. ఏమీ తట్టకపోతే కొట్టెయ్యండి. నేను రాసిన 92 పేర్లలో 17 మిగిలాయి. నా మొదటి ఏడాది సంపాదన ఆ పదిహేడు ఇళ్ల నుంచే వచ్చింది.

పెళ్లిలో, పేరంటంలో నలుగురూ కలుస్తారు కదా, అక్కడ ప్లాన్ (చేరితే ఎలా సంపాదించొచ్చో) చెప్పొచ్చా?

చెప్పకండి. పిలిచినవాళ్ల శుభకార్యం అది. ఎవరైనా "ఏం చేస్తున్నావు?" అని అడిగితే ఒక్క మాటలో చెప్పి, వాళ్ల పిల్లల గురించి అడగండి. నేను మొదట్లో ఈ తప్పు చేశాను. మా మేనమామ కూతురి పెళ్లిలో భోజనాల వరుసలో కూర్చోబోతే ఇద్దరు వదినలు లేచి వేరే బల్ల దగ్గరికి వెళ్లారు. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. వాళ్ల తప్పేమీ లేదు. ఆ ముందు నెలలో ఇద్దరికీ ఐదేసి సార్లు ఫోన్ చేశాను.

"ఊరికే చూసిపోదామని వచ్చా" అని వెళ్లి, కాసేపయ్యాక విషయం తీయమని ట్రైనింగ్‌లో చెప్పారు. అలా చేస్తే తప్పా?

తప్పే. చట్టం కూడా ఒప్పుకోదు. 2021 నిబంధనల ప్రకారం అమ్మడానికి వెళ్తున్నప్పుడు ముందుగా చెప్పి ఒప్పించుకుని వెళ్లాలి, గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. మాట మొదలుపెట్టేటప్పుడే మీరెవరు, ఏ కంపెనీ, ఎందుకు వచ్చారు, ఏం అమ్ముతున్నారు అన్నది స్పష్టంగా చెప్పాలి.

చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ ఒక్క అబద్ధంతో పోయేది చాలా ఉంది. ఆ తర్వాత మీరు నిజంగా ఊరికే చూసిపోదామని వెళ్లినా వాళ్లు నమ్మరు. కుర్చీ వేస్తూనే మీ బ్యాగు వైపు చూస్తారు. నేను ఫోన్లో ఇలా అంటాను: "వదినా, నేను ఇప్పుడు ఫలానా కంపెనీ సరుకులు అమ్ముతున్నాను. ఒక ఇరవై నిమిషాలు చూపిస్తాను, కొనాలనేం లేదు. వీలవుతుందా, వద్దా? వద్దంటే ఏమీ అనుకోను." వద్దన్నవాళ్ల ఇంటికి వేరే రోజు బ్యాగు లేకుండా వెళ్తాను.

మొహమాటానికి కొంటున్నారని తెలిస్తే ఏం చెయ్యాలి?

ఆపాలి. ఆపడం మన పనే, వాళ్లు నోరు తెరిచి చెప్పలేరు.

రిటైరైన టీచరుగారి భార్య ఒకావిడ నా దగ్గర మూడేళ్లు ప్రతి నెలా ఆర్డరు పెట్టింది. నేను ఆవిణ్ని నా మంచి కస్టమర్లలో లెక్కపెట్టుకునేదాన్ని. ఒకరోజు వానలో తడిసి వెళ్తే, తువ్వాలు తీసుకోమని లోపలి గది అలమర చూపించింది. కింది అరలో మూత తీయని సీసాలు పదకొండు ఉన్నాయి. అన్నీ నేను అమ్మినవే. ఇద్దరం మాట్లాడలేదు కాసేపు. "నువ్వు ఎండలో తిరుగుతుంటే కాదనలేకపోయాను తల్లీ" అంది ఆవిడ.

గడువు తీరనివి తిరిగి తీసుకుని డబ్బిచ్చాను. గడువు తీరిన వాటికి కూడా నా జేబులోంచి సగం ఇచ్చాను. ఆ రోజు నుంచి రెండో ఆర్డరు తీసుకునే ముందు "పోయినసారిది ఎంతవరకు వచ్చింది? సీసా ఒకసారి చూపించండి" అని అడుగుతున్నాను. సగం కంటే ఎక్కువ ఉంటే ఆర్డరు రాసుకోను. నెలాఖరులో టార్గెట్ దగ్గరపడినప్పుడు ఇది కష్టమే. అయినా ఆవిడ అలమర గుర్తొస్తే చెయ్యి ఆగుతుంది.

## అమ్మేటప్పుడు

నాకే నచ్చని సరుకు కూడా అమ్మాలా?

అక్కర్లేదు. కేటలాగ్‌లో వంద ఉంటే వందా బాగుండవు. నేను ఏడే అమ్ముతాను, అవన్నీ మా ఇంట్లో వాడుతున్నవే. ఎవరైనా ఎనిమిదోది అడిగితే "అది నేను వాడలేదు, కావాలంటే తెప్పిస్తాను, బాగుంటుందని మాత్రం చెప్పలేను" అంటాను.

ఈ పొడి వాడితే షుగర్ తగ్గిందని మీటింగ్‌లో చాలామంది స్టేజీ ఎక్కి చెప్పారు. నేనూ చెప్పొచ్చా?

చెప్పకూడదు. ఎంత నమ్మకం ఉన్నా చెప్పకూడదు. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బుల్ని నయం చేస్తుందని మందుల గురించి ప్రచారం చెయ్యడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. నోటితో చెప్పే ప్రకటన కూడా ప్రచారమే అవుతుంది. ఇక మీరు అమ్మే పొడి అసలు మందే కాదు, ఆహారం కింద లైసెన్సు తీసుకున్నది. డబ్బా తిప్పి చూడండి, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు ఉంటుంది. ఇలాంటి ఆరోగ్య సప్లిమెంట్ల మీద మందుగా వాడేది కాదని ఇంగ్లిషులో రాసి ఉంటుంది. ఆ అక్షరాలు చిన్నవి కాబట్టి మనమే పెద్దగా చదివి వినిపించాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా పిన్ని. నా రెండో ఏడాదిలో మీటింగ్‌లో విన్న మాట ఆవిడకి అలాగే చెప్పాను. "చాలామందికి మాత్రలు తగ్గాయంట పిన్నీ" అన్నాను. మానెయ్యమని అనలేదు. ఆవిడ మాత్రం రెండు పూటల మాత్ర ఒక పూట చేసింది. నలభై రోజుల తర్వాత కాలి పుండు మానక ఆసుపత్రిలో పడుకుంది. షుగర్ 400 దాటింది. దేవుడి దయవల్ల కాలు దక్కింది. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. బాబాయి మాత్రం ఆ తర్వాత రెండేళ్లు మా గడప తొక్కలేదు, అది న్యాయమే.

ఇప్పుడు ఎవరింట్లోనైనా షుగర్, బీపీ, థైరాయిడ్, కిడ్నీ సమస్య ఉన్నాయని తెలిస్తే, గర్భిణి అయితే, పొడి అమ్మను. "డబ్బా ఫొటో మీ డాక్టరుకి చూపించండి, సరేనంటే అప్పుడు ఫోన్ చెయ్యండి" అంటాను. చాలామంది మళ్లీ ఫోన్ చెయ్యరు. ఫర్వాలేదు.

"బజార్లో ఇంతకంటే తక్కువకి వస్తుంది" అంటే ఏం చెప్పాలి?

కాగితం మీద లెక్క వేసి చూపించండి. సీసా ధర కాదు, ఒక్క వాడకానికి ఎంత పడుతుందో చూడాలి. ఉదాహరణకి మీ లిక్విడ్ లీటరు 480 రూపాయలనుకుందాం. ఒక ఉతుకుకి 20 మిల్లీలీటర్లు పోస్తే 50 ఉతుకులు వస్తాయి, అంటే ఉతుకుకి 9 రూపాయల 60 పైసలు. బజారు పొడి కిలో 130 అయితే, ఉతుకుకి 50 గ్రాముల చొప్పున 20 ఉతుకులు, ఒక్కోదానికి 6 రూపాయల 50 పైసలు. ఇక్కడ బజారు పొడే చవక. ఆ మాట మీ నోటితో మీరే చెప్పండి. తర్వాత మీ లిక్విడ్‌కి ఉన్న మంచి గుణం నిజంగా ఏదైనా ఉంటే చెప్పండి, చేతులు మండకపోవడమో, రంగు పోకపోవడమో. ఆ తేడాకి మూడు రూపాయలు పెట్టాలా వద్దా అన్నది ఆ ఇల్లాలు తేల్చుకుంటుంది.

ఇంకొక నలుగురి చేత కొనిపిస్తే మీ డబ్బు వెనక్కొస్తుందన్న మాటతో మాత్రం అమ్మకండి. 2021 నిబంధనలు దాన్ని ఒప్పుకోవు.

"నువ్వు ఎంత సంపాదిస్తున్నావు?" అని అడిగితే నిజం చెప్పాలా? నిజం చెబితే ఎవరూ చేరరు.

నిజమే చెప్పాలి, ఖర్చులు తీసేసి చెప్పాలి. నేను పోయిన నెల పాస్‌బుక్ చూపించి చెబుతాను. కమీషన్ 7,400 వచ్చింది. స్కూటీ పెట్రోలు, ఫోన్, శాంపిళ్లు కలిపి 2,600 పోయింది. చేతిలో మిగిలింది 4,800. పన్నెండేళ్ల తర్వాత ఇది. మా ఇల్లు దీని మీద నడవదు, పిల్లల ట్యూషన్ ఫీజు నడుస్తుంది.

ఇది విని చేరనివాళ్లు చేరకపోవడమే మంచిది. ఇది విని కూడా చేరినవాళ్లు మూడో నెలలో ఏడవరు. ఎవరిదో కారు పక్కన నిలబడి ఫొటో దిగి స్టేటస్ పెట్టమని ఎవరైనా చెబితే పెట్టకండి. ఆ ఫొటో చూసి ఉద్యోగం మానేసి వచ్చే కుర్రాడి బాధ్యత మీ మీద పడుతుంది.

కస్టమర్ల పిల్లల పేర్లు, పుట్టినరోజులు డైరీలో రాసుకుని పలకరించమంటారు. అది నటన కాదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు గౌరవం. రాసుకోవడం నటన కాదు. 140 ఇళ్ల సంగతులు ఎవరికీ గుర్తుండవు. మా నాన్న కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో చివరి పేజీల్లో ఎవరింట్లో పురుడు, ఎవరింట్లో పెళ్లి, ఎవరికి ఒంట్లో బాగోలేదు అన్నది రాసుకునేవాడు. ఎందుకంటే ఆ నెల ఆ ఇంటికి బాకీ అడగడానికి కుర్రాణ్ని పంపకూడదు.

రాసుకున్నదాన్ని దేనికి వాడుతున్నామన్నదే చూడాలి. వాళ్ల అబ్బాయికి ఇంటర్ పరీక్షలని రాసుకుని ఆ నెల జ్ఞాపకశక్తి పొడి పట్టుకెళ్తే అది ఎర. పరీక్షలని తెలిసి మధ్యాహ్నం పూట వాళ్ల తలుపు కొట్టకుండా ఉంటే అది ఆదరం. ఒకే డైరీ, ఒకే అక్షరాలు.

నేను ఏటా సంక్రాంతికి ముందు డైరీ తిరగేసి, కొనడం మానేసినవాళ్ల పేర్లు ఎర్ర పెన్నుతో రాసుకుంటాను. వాళ్లకి పండగ శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్ చేస్తాను. సరుకు మాట ఎత్తను, వాళ్లెత్తితే "పండగ అయ్యాక మాట్లాడుకుందాం" అంటాను. మొదటి ఏడాది ఆ ఫోన్లు చెయ్యడానికి మనసు రాలేదు. అప్పుడు అర్థమైంది, అప్పటిదాకా నేను పలకరించింది మనుషుల్ని కాదు, ఆర్డర్లని. నటిస్తున్నానా అని అనుమానం వచ్చినప్పుడు, ఇక మీ దగ్గర ఎప్పటికీ కొనరని తెలిసిన ఒక మనిషికి ఫోన్ చేసి చూడండి. ఏం మాట్లాడాలో తోచకపోతే జవాబు దొరికినట్టే.

వద్దన్నాక ఎన్నిసార్లు అడగొచ్చు?

ఒక్కసారి కూడా అడగకూడదు. "ఇప్పుడు వద్దు, దసరా తర్వాత చూద్దాం" అంటే దసరా తర్వాత ఒకసారి అడగొచ్చు.

## అమ్మిన తర్వాత

సరుకు ఇచ్చేశాక మళ్లీ ఎప్పుడు ఫోన్ చెయ్యాలి?

మూడో రోజు. కొత్త ఆర్డరు కోసం కాదు, వాడటం సరిగ్గా తెలిసిందో లేదో కనుక్కోవడానికి. చిక్కటి లిక్విడ్‌ని చాలామంది బజారు సబ్బులాగే ఎక్కువ పోసేస్తారు. నేను మూతతో కొలిచి చూపించి, మూత మీద మార్కర్‌తో గీత గీసి వస్తాను. దానివల్ల సీసా రెట్టింపు రోజులు వస్తుంది, నా అమ్మకం తగ్గుతుంది. మా అప్‌లైన్ దీనికి మొదట్లో కోప్పడింది. కానీ గీత గీసిన ఇళ్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ నా దగ్గరే కొంటున్నాయి.

క్రీమ్ పడలేదు, దద్దుర్లు వచ్చాయంటున్నారు. ఏం చెయ్యాలి?

వెంటనే వాడటం ఆపమనండి. ఎక్కువగా ఉంటే చర్మ డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్లండి. "ఒంట్లో విషం బయటికి పోతోంది, ఇంకో వారం వాడండి" అని మీటింగుల్లో నేర్పుతారు. దయచేసి ఆ మాట అనకండి. ఒంటికి పడనిది పడనట్టే.

డబ్బు తిరిగివ్వండి, కంపెనీ నుంచి మీకు రావడం ఆలస్యమైనా సరే. ప్యాకెట్, బిల్లు, బ్యాచ్ నంబరు ఫొటో తీసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపండి. ఫిర్యాదు అందినట్టు 48 పనిగంటల్లో వాళ్లు తెలియజేయాలి, మామూలుగా నెలలోపు పరిష్కరించాలి. అది జరగకపోతే కస్టమర్ చేత 1915కి ఫోన్ చేయించండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అప్పటికీ తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. సరుకుకి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. మన మీదే ఫిర్యాదు చెయ్యడానికి మనమే దారి చూపించడం వింతగా అనిపించొచ్చు. ఆ మనిషి మన ముఖం చూసి కొన్నది కాబట్టి ఆమె పక్కన నిలబడాల్సింది మనమే.

## మన కింద చేరినవాళ్లతో

పాయింట్లు తక్కువ పడ్డాయి. డౌన్‌లైన్ (మన కింద చేరిన) వాళ్లని వాళ్లింటికే సరుకు కొనుక్కోమనొచ్చా?

అనకూడదు. వాడకానికి మించి కొన్న సరుకు మంచం కిందకి చేరుతుంది. మీకు ఆ నెల లెవెల్ (పాయింట్లని బట్టి కంపెనీ ఇచ్చే హోదా) వస్తుంది, ఆ అమ్మాయికి వాళ్లాయనతో గొడవ వస్తుంది. నా లెవెల్ నాలుగుసార్లు కిందికి పడింది. ఏమీ కాలేదు.

ట్రైనింగ్ పుస్తకాలకి, మీటింగ్ టికెట్లకి ప్రతి నెలా డబ్బు కట్టమంటున్నారు. కట్టాలా?

కట్టనక్కర్లేదు. ట్రైనింగ్ పుస్తకాలు, డెమో సామాను కొనమని ఏ డైరెక్ట్ సెల్లరూ తన టీమ్‌ని బలవంతం చెయ్యకూడదని 2016 మార్గదర్శకాల్లో ఉంది. మా మీటింగ్ మా డాబా మీద, టీ మాత్రం వంతులేసుకుని ఒక్కోసారి ఒకరు పెడతారు.

మా ఆయన ఒప్పుకోవట్లేదు. "నెగటివ్‌గా మాట్లాడేవాళ్లకి దూరంగా ఉండు" అని అప్‌లైన్ అంటోంది.

మీ ఆయన మీ శత్రువు కాదు. ఇంట్లోవాళ్ల భయాన్ని నెగటివ్ అనేసి పక్కకి నెట్టమనే మాట ఎన్ని ఇళ్లలో మాటలు లేకుండా చేసిందో నేను చూశాను. ఆయన్ని కూర్చోబెట్టి మూడు విషయాలు తేల్చుకోండి. ఎంత డబ్బు పోయినా తట్టుకోగలం? ఎన్ని నెలలు చూద్దాం? ఏ రోజు ఆపేద్దాం? కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టి క్యాలెండర్ పక్కన తగిలించండి. మా టీమ్‌లో కొత్తగా చేరేవాళ్ల ఇంటికి నేను ముందు వెళ్లి, ఇంట్లోవాళ్ల ముందే అన్నీ చెబుతాను. వాళ్లకి ఇష్టం లేకపోతే చేర్చుకోను.

## ఆపేయాలనుకుంటే

మానేస్తానంటే "ఓడిపోయేవాళ్లే మానేస్తారు" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

మీరు ఓడిపోలేదు. ఒక పని మీకు కుదరలేదు, అంతే. ఒప్పందం కాగితం తీసి రద్దు గడువు, సరుకు వాపసు షరతులు చదవండి. మెయిల్‌లో రాసి పంపండి, ఫోన్లో మాత్రమే చెప్పి ఊరుకోకండి. సీలు తీయని సరుకు బిల్లులతో సహా తిరిగి పంపి రసీదు తీసుకోండి. అప్‌లైన్‌తో స్నేహం ఉంటే ఆ స్నేహం కొనసాగించండి. ఆమె కూడా పైవాళ్ల ఒత్తిడిలోనే ఆ మాట అని ఉండొచ్చు.

నా మాట నమ్మి చేరినవాళ్లు నష్టపోయారు. వాళ్ల ముఖం ఎలా చూడాలి?

ఫోన్ చెయ్యకండి, మీరే స్వయంగా వెళ్లండి. బ్యాగు ఇంట్లోనే వదిలి వెళ్లండి. కంపెనీ అలా చేసింది, అప్‌లైన్ ఇలా చెప్పింది అని మొదలుపెట్టకుండా "నేను సరిగ్గా తెలుసుకోకుండా నీకు చెప్పాను" అనండి. వాళ్లు కోపంగా ఏదైనా అంటే అననివ్వండి.

తర్వాత వాళ్ల వల్ల మీకు వచ్చిన కమీషన్ ఎంతో లెక్క తీసి, వీలైతే అది తిరిగివ్వండి. ఒకేసారి కాకపోతే వాయిదాల్లో ఇవ్వండి. నేను ముగ్గురికి అలా ఇచ్చాను, ఏడు నెలలు పట్టింది. ఇద్దరు తీసుకున్నారు, ఒకావిడ వద్దంది.

అసలు స్కీమే మోసమని తేలితే వాళ్లని ఒంటరిగా తిరగనివ్వకండి. కట్టిన డబ్బుకి రసీదులు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, గ్రూపులో వచ్చిన మెసేజ్‌లు, మీటింగ్ వీడియోలు ఒకచోట చేర్చండి. గ్రూపులోంచి బయటికి వచ్చే ముందే చాట్ మొత్తం భద్రపరచుకోండి. డబ్బు కట్టిన తేదీలు వరుసగా రాసి, మీరే వాళ్లని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి. చేర్పించింది మీరేనని ఫిర్యాదులో రాయాల్సి వస్తుంది. రాయండి.